యుద్ధకాలంలో జిల్లా సైబర్ రక్షణ: ప్రభుత్వ కార్యాలయాలూ ప్రైవేటు సంస్థలూ కలిసి చేసుకోవలసిన ఏర్పాట్లు

యుద్ధం వస్తే సరిహద్దును కాపాడేది సైన్యం. కంప్యూటర్ల మీదుగా వచ్చే దాడి మాత్రం సరిహద్దు దగ్గర ఆగదు; అది మిర్యాలగూడలోని బ్యాంకు శాఖనైనా, జడ్చర్లలోని ఆసుపత్రినైనా, దేవరకొండలోని కేబుల్ ఇంటర్నెట్ గదినైనా నేరుగా తాకగలదు. ఈ యంత్రాలలో ఎక్కువ భాగం ప్రభుత్వం చేతిలో లేవు. విద్యుత్ పంపిణీ చేసేది ప్రభుత్వ సంస్థే అయినా దాని సాఫ్ట్‌వేర్‌ను చూసుకునేది తరచుగా ప్రైవేటు కంపెనీ. మీసేవ ప్రభుత్వ సేవే అయినా కౌంటరు వెనుక కూర్చున్నది ప్రైవేటు ఆపరేటరు. ధాన్యం కొనేది ప్రభుత్వమే, కానీ ఆ ధాన్యాన్ని దించుకునే మిల్లు, రైతు ఖాతాలో డబ్బు వేసే బ్యాంకు, ట్రక్‌షీటు వివరాలను మోసే మొబైల్ నెట్‌వర్కు వేర్వేరు యజమానులవి.

2025 మే 7 నుంచి 10 వరకు భారత్, పాకిస్తాన్ మధ్య జరిగిన ఘర్షణ దినాలు మన దగ్గర యాసంగి ధాన్యం కొనుగోళ్ల కాలంలోనే వచ్చాయి. ఆ రోజుల్లో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీ, బాంబే స్టాక్ ఎక్స్ఛేంజీ విదేశాల నుంచి తమ వెబ్‌సైట్లు తెరవడాన్ని తాత్కాలికంగా పరిమితం చేశాయి. మే 9న కేంద్ర ఆర్థిక మంత్రి బ్యాంకుల అధిపతులతో సమావేశమై, ప్రతి బ్యాంకు ప్రధాన కార్యాలయంలో ఇద్దరు సీనియర్ అధికారులను ప్రత్యేకంగా నియమించాలని చెప్పారు: ఒకరు సైబర్ వ్యవహారాలకు, మరొకరు శాఖలు నడవడం, ఏటీఎంలలో నగదు ఉండడం వంటి పనులకు. ఈ రెండు పేర్ల పద్ధతి నాకు ఆ సమావేశంలోని మిగతా అన్ని మాటలకన్నా విలువైనదిగా కనిపిస్తుంది, ఎందుకంటే సర్వరును కాపాడే మనిషి, ప్రజలకు సేవ ఆగకుండా చూసే మనిషి ఒకే గంటలో ఒకే పని చేయలేరు. జిల్లా స్థాయిలో ప్రతి సంస్థా చేయవలసిన మొదటి పని ఇదే కావాలి. ఆ ఇద్దరి పేర్లు, వారు అందుబాటులో లేకపోతే పిలవవలసిన మరో ఇద్దరి పేర్లు ఒక కాగితం మీద ఉండాలి.

ఉక్రెయిన్ పార్లమెంటు ప్రభుత్వ సమాచారాన్ని విదేశీ క్లౌడ్ సర్వర్లకు తరలించడానికి వీలు కల్పిస్తూ చట్టం చేసింది 2022 ఫిబ్రవరి 17న. యుద్ధం మొదలైంది ఫిబ్రవరి 24న. ఆ ఒక్క వారం ముందుచూపు వల్లనే ప్రైవేటు క్లౌడ్ కంపెనీలు ఆ దేశానికి చట్టబద్ధంగా సాయపడగలిగాయి. జిల్లాలో మన దగ్గర చట్టాలు చేసే అధికారం ఉండదు గాని, ఎవరు ఎవరిని పిలవాలి, ఏ అధికారంతో పిలవాలి, ఖర్చు ఎవరిది అన్న మూడు ప్రశ్నలకు ప్రశాంతంగా ఉన్న రోజుల్లోనే జవాబు రాసుకోవచ్చు. ఇక్కడ చెప్పేది ఆ జవాబులు రాసుకునే విధానం.

ఎవరి చేతిలో ఏముందో తిరిగి చూసి రాసుకోవడం

కలెక్టరేట్‌లోని ఎన్ఐసీ (జాతీయ సమాచార కేంద్రం) జిల్లా అధికారి, ఈ-డిస్ట్రిక్ట్ మేనేజరు, జిల్లా పోలీసు సైబర్ విభాగం నుంచి ఒకరు, విద్యుత్ సూపరింటెండింగ్ ఇంజనీరు (ఎస్ఈ) కార్యాలయం నుంచి ఒకరు, లీడ్ బ్యాంకు మేనేజరు, పెద్ద ఆసుపత్రుల తరఫున ఒకరు, ఇంటర్నెట్ సేవలు ఇచ్చేవారి తరఫున ఒకరు కలిసి ఒక చిన్న బృందంగా ఏర్పడితే ఈ పని జరుగుతుంది. బృందం పెద్దదైన కొద్దీ పని తగ్గుతుంది కాబట్టి పదిమందిని మించనీయవద్దు. కలెక్టరుగారు అధ్యక్షత వహిస్తే బాగుంటుంది, కానీ ప్రతి సమావేశానికీ ఆయన కోసం ఆగవద్దు.

ఈ బృందం ముందుగా సేవల జాబితా తయారు చేయాలి. యంత్రాల జాబితా తరువాత. నల్లగొండ జిల్లాలో తాగునీరు అనే సేవను తీసుకోండి. ఫ్లోరైడ్‌తో దశాబ్దాలు బాధపడిన మర్రిగూడ వంటి మండలాలలో మిషన్ భగీరథ నీరు ఒక పూట ఆగితే జనం మళ్లీ బోరు నీటికే వెళతారు. ఆ నీరు రావడానికి పంపులకు విద్యుత్తు కావాలి, శుద్ధి కేంద్రంలో నియంత్రణ వ్యవస్థ పనిచేయాలి, దాన్ని నిర్వహించే కాంట్రాక్టరు మనుషులు ఉండాలి. ఇంటర్నెట్ సంగతి వేరే ఉంది. రాష్ట్ర ప్రభుత్వపు టీ-ఫైబర్ ఇంటర్నెట్ కేబులును చాలాచోట్ల మిషన్ భగీరథ గొట్టాల కందకాలలోనే వేశారు గనుక, ఒక జేసీబీ పొరపాటున తవ్వినా నీరూ ఇంటర్నెట్టూ కలిసే పోవచ్చు. ఇలాంటి ముడులు కార్యాలయంలో కూర్చుంటే కనిపించవు. ప్రతి సేవకూ ఒక మనిషి ఆ చోటికి వెళ్లి, ఆపరేటరు పక్కన నిలబడి, ఏ తీగ ఎక్కడికి పోతోందో అడిగి రాసుకోవాలి.

అలా తిరిగినప్పుడు అన్నిటికన్నా జాగ్రత్తగా వెతకవలసింది దూరం నుంచి లోపలికి వచ్చే దారులను. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఆగిందంటే సరఫరాదారు హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో ఎనీడెస్క్ (దూరం నుంచి కంప్యూటరును నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టించి సరిచేస్తాడు, పని అయ్యాక దాన్ని తీసేయడం ఎవరికీ గుర్తుండదు. సబ్‌స్టేషన్ రిలేలకు, ఆసుపత్రి స్కానింగ్ యంత్రానికి, రైస్‌మిల్లులో రంగు మారిన గింజను ఏరే సార్టెక్స్ యంత్రానికి, వేబ్రిడ్జి కంప్యూటరుకు కూడా కంపెనీవాళ్లు ఇలాగే వస్తారు. ప్రతి దారికీ నాలుగు విషయాలు రాయండి: ఎవరు వస్తారు, ఏ పాస్‌వర్డుతో వస్తారు, ఓటీపీ వంటి రెండో తనిఖీ ఉందా, ఆ దారిని మన వైపు నుంచి మూయగల మనిషి ఎవరు. నాలుగో గడి ఖాళీగా ఉంటే ఆ యంత్రం మీది కాదనే అనుకోండి.

ఈ వెతుకులాట ఎందుకంత ముఖ్యమో 2017 జూన్ 27న ప్రపంచమంతా చూసింది. ఉక్రెయిన్‌లో పన్ను లెక్కలకు వాడే ఎం.ఈ.డాక్ అనే సాధారణ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో దాగి వచ్చిన నాట్‌పెట్యా అనే హానికర ప్రోగ్రాము, ఆ దేశంలోని బ్యాంకులు, కార్యాలయాలతో ఆగకుండా మేర్స్క్ వంటి అంతర్జాతీయ నౌకా సంస్థను కూడా స్తంభింపజేసింది. శత్రువు ఎంచుకున్నది ఆయుధ కర్మాగారాన్ని కాదు, గుమాస్తా రోజూ తెరిచే లెక్కల సాఫ్ట్‌వేరును. మన దగ్గరా అంతే. 2019 ఏప్రిల్ చివర్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు ర్యాన్‌సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రాము) బారిన పడి ఆన్‌లైన్ చెల్లింపులు ఆగిపోయినప్పుడు, ఆ వెబ్‌సైట్ల నిర్వహణ ఒక ప్రైవేటు ఐటీ సంస్థ చేతిలో ఉంది. కాబట్టి జాబితాలో దామరచర్ల దగ్గరి 4000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం, శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రం, జూరాల, నాగార్జునసాగర్ వంటి పెద్ద పేర్లు ఎలాగూ ఉంటాయి. వాటిని చూసుకునే కేంద్ర, రాష్ట్ర యంత్రాంగం వేరే ఉంది. జిల్లా బృందం తన శ్రమను వాటికి సేవలందించే చిన్న సంస్థల మీద పెట్టాలి.

ఎవరికి, ఎంతసేపట్లో చెప్పాలి

దేశంలో సైబర్ ఘటనల మీద స్పందించే జాతీయ సంస్థ సర్ట్-ఇన్. ఐటీ చట్టంలోని 70బి సెక్షన్ దానికి ఆ హోదా ఇచ్చింది. 2022 ఏప్రిల్ 28న అది ఇచ్చిన ఆదేశాల ప్రకారం, వాటి అనుబంధంలో పేర్కొన్న రకాల ఘటన ఏదైనా గమనించిన లేదా ఎవరైనా చెప్పగా తెలిసిన ఆరు గంటలలోపు ప్రభుత్వ, ప్రైవేటు సంస్థలు దానికి తెలియజేయాలి. ఆరు గంటల్లో దర్యాప్తు పూర్తి కావాలని ఎవరూ అడగడం లేదు. అప్పటికి తెలిసినంత చెప్పి, మిగతాది తరువాత పంపవచ్చు. ఈ సంగతి తెలియకనే చాలా సంస్థలు పూర్తి నివేదిక కోసం రెండు రోజులు కూర్చుంటాయి. టోల్‌ఫ్రీ నంబరు 1800-11-4949ను సర్వరు గదిలో గోడ మీద రాసిపెట్టండి.

ఐటీ చట్టం 70వ సెక్షన్ కింద రక్షిత వ్యవస్థగా ప్రకటించిన వాటికి ఎన్‌సీఐఐపీసీ అనే మరో సంస్థ ఉంది. 70ఎ సెక్షన్ కింద 2014 జనవరిలో నోటిఫై అయిన ఈ సంస్థ దేశానికి అత్యంత కీలకమైన సమాచార వ్యవస్థలను మాత్రమే చూస్తుంది. బ్యాంకులు రిజర్వు బ్యాంకుకు 2016 నాటి సైబర్ భద్రతా నిబంధనల ప్రకారం 2 నుంచి 6 గంటల్లో చెప్పాలి. హైదరాబాద్‌లోని బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీ నడిపే ఐబీ-కార్ట్ వేదిక ద్వారా ఒక బ్యాంకు అనుభవం మిగతా బ్యాంకులకు చేరుతుంది. టెలికాం, ఇంటర్నెట్ లైసెన్సు ఉన్నవారికి 2024 నవంబరులో వచ్చిన టెలికాం సైబర్ భద్రతా నిబంధనల కింద కేంద్రానికి ఆరు గంటల్లో తెలియజేసే బాధ్యత విడిగా ఉంది. ఊళ్లలో ఫ్రాంచైజీగా నడిపే కేబుల్ ఆపరేటర్లు తమ లైసెన్సుదారుకు వెంటనే చెప్పాలని ఒప్పందంలో రాసుకోవాలి. విద్యుత్ రంగానికి 2021 అక్టోబరు మార్గదర్శకాలు వర్తిస్తాయి. డబ్బు పోయిన మోసమైతే 1930. రాష్ట్ర స్థాయిలో తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఉంది.

ఇన్ని తలుపులున్నందువల్ల ఆ గంటలో ఏది తట్టాలో తెలియక కాలం వృథా అవుతుంది. అందుకని ప్రతి సంస్థా తన రంగానికి వర్తించే రెండు మూడు నంబర్లనే ఒక పేజీలో రాసుకుని, ముందు ఎవరికి, తరువాత ఎవరికి అనే వరుస పెట్టుకోవాలి. జిల్లా బృందానికి పంపే సందేశం ఈ చట్టబద్ధ నివేదికలకు బదులు కాదు. అది పక్కవాడిని హెచ్చరించడానికి మాత్రమే.

ఇలా చెప్పినందువల్ల చేటు జరిగిన ఫలితాలకన్నా మేలు జరిగిన ఫలితాలే మన కళ్ల ముందు ఉన్నాయి. 2021 మార్చి మొదట్లో సర్ట్-ఇన్ హెచ్చరిక అందగానే తెలంగాణ విద్యుత్ సంస్థలు అనుమానాస్పద ఐపీ చిరునామాలను (ఇంటర్నెట్‌లో ఒక్కో కంప్యూటరును గుర్తించే సంఖ్యలను) అడ్డుకుని, నియంత్రణ వ్యవస్థల పాస్‌వర్డులను మార్చుకున్నాయి. 2022 ఏప్రిల్‌లో ఉక్రెయిన్ విద్యుత్ సబ్‌స్టేషన్లను ఆర్పేయడానికి పంపిన ఇండస్ట్రోయర్-2 అనే హానికర ప్రోగ్రామును ఆ దేశపు ప్రభుత్వ సర్ట్ బృందం, ఈసెట్ అనే ప్రైవేటు యాంటీవైరస్ కంపెనీ కలిసి పనిచేసి ముందే పట్టుకున్నాయి. రోజూ మాట్లాడుకునే అలవాటున్న ఇద్దరికే అలాంటి పట్టు దొరుకుతుంది.

ఏఎంసీకి ఒక అనుబంధం

వార్షిక నిర్వహణ ఒప్పందాలు, అంటే మనం ఏఎంసీ అని పిలిచే కాగితాలు, మామూలు రోజుల కోసం రాసినవి. వాటిలో పని దినాలు, పని గంటలు, పండుగ సెలవులు ఉంటాయి, యుద్ధం ఉండదు. పైగా సరఫరాదారు సిబ్బంది ఆ రోజు ఏ ఊళ్లో ఉంటారో, రాగలరో లేదో తెలియదు. అందుకే ప్రతి ముఖ్యమైన ఏఎంసీకి రెండు పేజీల అనుబంధాన్ని జోడించండి. దాని భాష ఇలా ఉండవచ్చు:

"జాతీయ భద్రతకు ముప్పు ఉందని ప్రభుత్వం ప్రకటించిన కాలంలో, సరఫరాదారు ఈ అనుబంధంలో పేరు రాసిన ఇద్దరు సాంకేతిక నిపుణులను రాత్రింబవళ్లు ఫోనులో అందుబాటులో ఉంచాలి, పిలిచిన నాలుగు గంటల్లో వారిలో ఒకరు స్వయంగా కార్యాలయానికి రావాలి. దూరం నుంచి చేసే ప్రవేశాలన్నీ ఆ కాలంలో మూసి ఉంటాయి. అవసరమైనప్పుడు కార్యాలయ బాధ్యుడు రాతపూర్వకంగా అనుమతించిన సమయానికి మాత్రమే తెరుచుకుంటాయి. ఘటనకు సంబంధించిన లాగులను (కంప్యూటరులో ఎప్పుడు ఏం జరిగిందో దానంతటదే నమోదయ్యే రికార్డులను) చట్టం ప్రకారం అడిగే అధికారికి ఇవ్వడానికి సరఫరాదారు ముందుగానే సమ్మతిస్తున్నాడు. ఈ అదనపు సేవకు చెల్లింపు జతచేసిన పట్టిక ప్రకారం జరుగుతుంది. యుద్ధకాలమన్న కారణంతో ఆ రేట్లు పెరగవు. సద్భావంతో అత్యవసర చర్య తీసుకున్న సిబ్బంది మీద నష్టపరిహారం కోరరాదు."

చివరి రెండు వాక్యాలను కొందరు అధికారులు కొట్టివేయాలని చూస్తారు. కొట్టివేయవద్దు. డబ్బు సంగతి తేలకపోతే సరఫరాదారు ఆలస్యం చేస్తాడు, బాధ్యత సంగతి తేలకపోతే అతని ఇంజనీరు స్విచ్ మీద చెయ్యి వేయడు. చెల్లింపుల కోసం ఏళ్ల తరబడి తిప్పించుకున్న కాంట్రాక్టరును యుద్ధం వచ్చిన రోజున దేశభక్తి పేరుతో పిలవడం న్యాయంగానూ ఉండదు, పనికీ రాదు. పాత బకాయిలు తీర్చడం కూడా సైబర్ రక్షణలో భాగమేనని నా అభిప్రాయం.

ప్రైవేటు సంస్థల వైపు నుంచి మరో సందేహం ఎప్పుడూ వస్తుంది: మమ్మల్ని ఎవరు ఆదేశించవచ్చు? సర్ట్-ఇన్‌కు 70బి సెక్షన్ కింద సమాచారం అడిగే, ఆదేశాలిచ్చే అధికారం ఉంది. పోలీసులు కావలసిన పత్రాన్ని గాని ఎలక్ట్రానిక్ పరికరాన్ని గాని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 94వ సెక్షన్ కింద రాతపూర్వక ఉత్తర్వుతో కోరవచ్చు. ఫోనులో గట్టిగా మాట్లాడినంత మాత్రాన సర్వరు పాస్‌వర్డు చెప్పవలసిన పని లేదు. పైగా యుద్ధకాలంలో అధికారుల పేరుతో ఫోన్లు చేసేవారు ఎక్కువవుతారు. వచ్చిన కాల్‌ను పెట్టేసి, మీ దగ్గర ముందే రాసి ఉన్న నంబరుకు మీరే తిరిగి చేయడం నియమంగా పెట్టుకోండి. నిజమైన అధికారి దానికి నొచ్చుకోడు.

గడియారాలు, లాగులు, రంగుల గుర్తులు

దాడి జరిగినప్పుడు ఒక సంస్థ లాగులో 2.10కి కనిపించిన ఐపీ చిరునామా, ఇంకో సంస్థ లాగులో 2.40కి కనిపిస్తే, అది ఒకే దాడి కదిలిన దారా లేక ఒక గడియారం అరగంట తప్పు నడుస్తోందా అన్నది తేల్చలేము. సర్ట్-ఇన్ ఆదేశాలు కంప్యూటర్ల గడియారాలను ఎన్ఐసీ గాని జాతీయ భౌతిక ప్రయోగశాల గాని ఇచ్చే సమయంతో సరిపెట్టమన్నది ఇందుకే. సీసీ కెమెరా రికార్డరు, హాజరు యంత్రం, వేబ్రిడ్జి కంప్యూటరు కూడా ఇందులోకి వస్తాయి. వాటి గడియారాలే ఎక్కువగా తప్పుతాయి. లాగులను 180 రోజులు దేశంలోనే భద్రపరచాలి. చిన్న ఆసుపత్రికి ఇది పెద్ద ఖర్చనిపిస్తే, ఫైర్‌వాల్ లాగులనూ లాగిన్ల లాగులనూ రోజూ ఒక వేరే డిస్కులోకి రాసి బీరువాలో పెట్టడంతో మొదలుపెట్టవచ్చు.

పంచుకోవలసినది అనుమానాస్పద ఐపీ చిరునామాలు, వెబ్ చిరునామాలు, హానికర ఫైలు హాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య), మోసపు మెయిల్ హెడరు (మెయిల్ ఏ దారిన వచ్చిందో చూపే భాగం), దాడి గమనించిన సమయం. పంచుకోకూడనిది రోగుల వివరాలు, ఖాతాదారుల పేర్లు, ఆధార్ నంబర్లు, నెట్‌వర్కు పూర్తి పటం. ప్రతి సందేశం పైనా అది ఎంతదూరం వెళ్లవచ్చో గుర్తు పెట్టాలి. దీనికి అంతర్జాతీయంగా వాడే ట్రాఫిక్ లైట్ పద్ధతి ఉంది: ఎరుపు అంటే విన్న మనిషి దగ్గరే ఆగాలి, కాషాయ పసుపు అంటే ఆ సంస్థలోనూ దాని సేవలు పొందేవారిలోనూ అవసరమైనవారికే, ఆకుపచ్చ అంటే అదే రంగంలోని ఇతర సంస్థలకు చెప్పవచ్చు, క్లియర్ అంటే ఎవరికైనా. జిల్లా బృందపు వాట్సాప్ గ్రూపులో ఆకుపచ్చ, క్లియర్ సందేశాలనే పెట్టండి. ఎరుపు గుర్తు విషయాలు ముఖాముఖి గాని ఫోనులో గాని చెప్పుకోవాలి.

కంపెనీలు నోరు విప్పకపోవడానికి పరువు భయం ఒక కారణం. ఈ భయం పూర్తిగా నిరాధారమని చెప్పలేము గాని, 2023 నవంబరులో సర్ట్-ఇన్‌ను సమాచార హక్కు చట్టం పరిధి నుంచి మినహాయించారు కాబట్టి దానికి ఇచ్చిన నివేదిక ఆ దారిన పోటీదారు చేతికి చేరదు. పౌరుడిగా ఆ మినహాయింపు నాకు అంత నచ్చదు. నివేదిక ఇవ్వడానికి జంకే సంస్థకు మాత్రం అది ఊరట.

చేతితో నడపడం

2015 డిసెంబరు 23న ఉక్రెయిన్‌లో హ్యాకర్లు సబ్‌స్టేషన్ల బ్రేకర్లను (సరఫరాను కలిపే, ఆపే పెద్ద స్విచ్‌లను) తెరిచి సుమారు 2,25,000 మంది వినియోగదారులకు విద్యుత్తు ఆపినప్పుడు, సిబ్బంది సబ్‌స్టేషన్లకు వెళ్లి చేతితో బ్రేకర్లు వేసి కొన్ని గంటల్లోనే సరఫరా తిరిగి ఇచ్చారు. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు ర్యాన్‌సమ్‌వేర్‌కు చిక్కినప్పుడు ఓపీ చీట్లు, పరీక్షల ఫలితాలు రోజుల తరబడి కాగితం మీదే నడిచాయి. కంప్యూటరు లేకుండా పని చేయగల మనిషి ఉన్నంతవరకు దాడి చేసినవాడి విజయం సగమే.

మన 33/11 కేవీ సబ్‌స్టేషన్లలో ఆపరేటర్లకు చేతితో ఫీడరు వేయడం, తీయడం, లాగ్‌బుక్ రాయడం నేటికీ వచ్చు. ఆధునికీకరణ పేరుతో ఆ మనుషులను తగ్గించే ముందు విద్యుత్ సంస్థ ఈ సంగతి ఆలోచించాలి. ఆసుపత్రులు, బ్యాంకు శాఖలు, కొనుగోలు కేంద్రాలు మాత్రం కాగితం పద్ధతిని మరిచిపోయాయి. కాబట్టి ప్రతి సంస్థా ముందుగా అచ్చువేసిన ఫారాలు ఒక పెట్టెలో ఉంచాలి: ఆసుపత్రిలో ఓపీ చీటీ, మందుల చీటీ, రక్తనిధి రిజిస్టరు, కొనుగోలు కేంద్రంలో కార్బన్ కాపీతో కూడిన తూకం రసీదు, ట్రక్‌షీటు. బ్యాంకు శాఖ కంప్యూటర్లు ఆగినప్పుడు ఎంత నగదు వరకు ఏ గుర్తింపుతో ఇవ్వవచ్చో ప్రధాన కార్యాలయం నుంచి ముందే రాతపూర్వక అనుమతి తెచ్చుకోవాలి. శాఖ మేనేజరు ఆ రోజు తన సొంత తెగువతో నిర్ణయం తీసుకోవలసిన పరిస్థితి రాకూడదు.

బ్యాకప్ విషయంలో ఒక్కటే మాట: నెట్‌వర్కు నుంచి తీసేసి పెట్టిన కాపీ ఒకటి ఉండాలి, దాన్నుంచి నిజంగా తిరిగి ఎక్కించి చూసి ఉండాలి.

మాట్లాడుకునే సాధనానికి కూడా ప్రత్యామ్నాయం కావాలి. 2023 డిసెంబరు 12న ఉక్రెయిన్‌లో సుమారు 2 కోట్ల 40 లక్షల వినియోగదారులున్న కైవ్‌స్టార్ మొబైల్ నెట్‌వర్కు దాడికి కూలిపోయింది. జిల్లా బృందంలోని ప్రతివారికీ రెండు వేర్వేరు కంపెనీల సిమ్ కార్డులు ఉండాలి. కలెక్టరేట్, ఎస్పీ కార్యాలయం, ఎస్ఈ కార్యాలయం, జిల్లా ఆసుపత్రి మధ్య ల్యాండ్‌లైన్లు పనిచేస్తున్నాయో లేదో నెలకోసారి చూడాలి. అవీ పోతే పోలీసు వైర్‌లెస్ సెట్టు ఉన్న ఠాణాకు మనిషిని పంపి కబురు చెప్పించే పద్ధతిని పోలీసులతో ముందే మాట్లాడి పెట్టుకోవాలి.

వదంతులు

2025 మేలో పాకిస్తాన్ సైబర్ దాడితో భారత విద్యుత్ గ్రిడ్‌లో 70 శాతం పనిచేయడం లేదన్న ప్రచారం, ఏటీఎంలు రెండు మూడు రోజులు మూతపడతాయన్న వాట్సాప్ సందేశం బాగా తిరిగాయి. రెండూ అబద్ధాలని కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగమైన పీఐబీ ఫ్యాక్ట్ చెక్ ప్రకటించింది. మహారాష్ట్ర సైబర్ విభాగం అప్పట్లో ఇచ్చిన నివేదిక ప్రకారం సుమారు 15 లక్షల దాడి ప్రయత్నాలలో ఫలించినవి 150. అంటే హ్యాకర్లు చేసిన ప్రయత్నాలలో నిజంగా ఫలించినది అతి కొద్ది భాగమే. ఏటీఎంల దగ్గర జనం బారులు తీరితే, ఒక్క కంప్యూటరును ముట్టుకోకుండానే శత్రువు పని నెరవేరుతుంది.

దీనికి జిల్లా పౌర సంబంధాల అధికారి ఒక్కరే మాట్లాడాలి. ఆయనకు విద్యుత్ ఎస్ఈ, లీడ్ బ్యాంకు మేనేజరు, ఆసుపత్రి సూపరింటెండెంటు అరగంటలో వాస్తవం చెప్పాలి. స్థానిక కేబుల్ చానెళ్లు ఇక్కడ చాలా ఉపయోగపడతాయి. వాటి యజమానులతో స్క్రోలింగ్‌లో అధికారిక సందేశం వేసే ఏర్పాటు చేసుకోండి. సందేశం పొడవుగా ఉండకూడదు: ఏది పనిచేస్తోంది, ఏది ఆగింది, మళ్లీ ఎప్పుడు చెబుతాము. కరెంటు సంగతికి 1912 నంబరు ఇవ్వండి. నిజంగా ఏదైనా ఆగి ఉంటే దాన్ని దాచవద్దు, ఎందుకంటే ఒకసారి దాచి దొరికిపోయిన కార్యాలయం మాటను రెండోసారి ఎవరూ వినరు.

విద్యార్థులు, స్వచ్ఛంద సేవకులు

పాలమూరు విశ్వవిద్యాలయంలో, నల్లగొండ మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయంలో, ఇంజనీరింగ్ కాలేజీలలో చదివే పిల్లలు సాయపడతామని ముందుకు వస్తారు. వారిని తీసుకోండి, కానీ పోలీసు విచారణ పూర్తయిన పేర్ల జాబితా ముందే ఉండాలి. మీసేవ కేంద్రాలలో, పంచాయతీ కార్యాలయాలలో కంప్యూటర్లను శుభ్రం చేయడం, కేంద్ర ప్రభుత్వపు సైబర్ స్వచ్ఛతా కేంద్రం ఉచితంగా ఇచ్చే బాట్ (కంప్యూటరును రహస్యంగా దాడి చేసేవాడి చేతిలో పెట్టే ప్రోగ్రాము) తొలగింపు సాధనాలను నడపడం, పాస్‌వర్డులు మార్పించడం, వదంతులను గమనించి చెప్పడం వారికి తగిన పనులు. ఎదురుదాడి వారి పని కాదు. ఉక్రెయిన్ ఐటీ సైన్యంలో వేలమంది పౌరులు చేరిన తరువాత, 2023 అక్టోబరులో అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ పౌర హ్యాకర్లకు ఎనిమిది నియమాలు ప్రకటించింది. పోరులో నేరుగా పాల్గొన్న పౌరుడు తనకున్న రక్షణను కోల్పోవచ్చని హెచ్చరించింది. ఆవేశంలో ఒక కుర్రవాడు పెట్టిన దాడి మన ఏజెన్సీలు నిశ్శబ్దంగా గమనిస్తున్న సర్వరునే చెదరగొట్టే ప్రమాదమూ ఉంది.

అభ్యాసం

ఆరు నెలలకొకసారి కలెక్టరేట్ సమావేశ మందిరంలో రెండు గంటల అభ్యాసం చాలు. కథ మన ఊరిదే కావాలి: మే నెల, మధ్యాహ్నం, కొనుగోలు కేంద్రాలలో ధాన్యం కుప్పలు, మబ్బు పట్టింది, చెల్లింపుల సర్వరు స్పందించడం లేదు, ఒక ఆసుపత్రి తెరల మీద డబ్బు అడిగే సందేశం, సాగర్ గేట్లు శత్రువు చేతిలోకి పోయాయని వాట్సాప్‌లో వీడియో. పావుగంటకొక కొత్త కబురు చీటీ మీద ఇవ్వండి. మధ్యలో అందరి సెల్‌ఫోన్లు తీసేసుకోండి. అప్పుడే ఎవరి దగ్గర కాగితం మీద నంబర్లు ఉన్నాయో తెలుస్తుంది. పెద్ద అధికారిని సెలవులో ఉన్నట్టు పక్కన కూర్చోబెట్టి, రెండో పేరున్న మనిషితో నిర్ణయాలు చేయించండి. మిల్లర్ల సంఘాన్ని, ఆసుపత్రి యజమానులను, కేబుల్ ఆపరేటర్లను ప్రేక్షకులుగా కాక పాత్రధారులుగా పిలవాలి. ఎవరు తప్పు చేశారన్న చర్చ పెట్టవద్దు. ఏ ఫోను ఎత్తలేదు, ఏ ఫారం దొరకలేదు, ఏ అనుమతి లేక పని ఆగింది అన్నది మాత్రమే రాసి, ప్రతి లోపానికీ ఒక పేరు, ఒక తేదీ వేయండి.

కాల్పులు ఆగాక

ఘర్షణ ఆగిన రోజున నెట్‌వర్కుల మీద దాడులు ఆగవు, కాబట్టి రాత్రి కాపలాను వెంటనే ఎత్తేయకుండా క్రమంగా తగ్గించాలి. దెబ్బతిన్న కంప్యూటరును ఫార్మాట్ చేసే ముందు డిస్కు పూర్తి నకలు తీసి, దాని హాష్ విలువను రాసిపెట్టండి. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద కోర్టుకు ఇచ్చే ధ్రువపత్రంలో ఆ విలువ అడుగుతారు. సర్ట్-ఇన్‌కు పంపవలసిన మిగతా వివరాలను పంపండి. అనుబంధం ప్రకారం సరఫరాదారులకు చెల్లించవలసిన బిల్లులను ఆ ఆర్థిక సంవత్సరంలోనే చెల్లించండి.

ఆ హడావుడిలో తాత్కాలికంగా ఇచ్చిన లాగిన్లు, తెరిచిన దారులు, స్వచ్ఛంద సేవకులకు ఇచ్చిన ప్రవేశాలు, గోడ మీద అంటించిన పాస్‌వర్డు చీటీలు అన్నిటినీ మొదటి జాబితాతో పోల్చి ఒక్కొక్కటిగా మూసివేసి, మూసిన మనిషి సంతకం, తేదీ ఆ జాబితాలోనే నమోదు చేయాలి.